అవిసె చెట్టు కాదు

చిన్నా,

నువ్వు రాత్రి ఒంటిగంటన్నరకి పంపిన మెసేజ్ నేను తెల్లవారుజామున నాలుగున్నరకి చూశాను. ఫోన్లో అంత సంగతి రాయడం నావల్ల కాదు, ఒక అక్షరం నొక్కితే పక్కది పడుతుంది. అందుకని కాగితాలు తీశాను. "ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా" అంటోంది మీ పెద్దమ్మ. ఫోన్లో అయితే నువ్వు నాలుగుసార్లు "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే ఇవాళ కాకపోయినా ఇంకో రోజు తీసి చూసుకుంటావు.

ఉద్యోగం పోయి నాలుగు నెలలైందన్నావు. కూకట్‌పల్లి హాస్టల్లో నీ గదివాళ్లిద్దరూ ఆఫీసుకి వెళ్లిపోతే మధ్యాహ్నం దాకా మంచం దిగబుద్ధి కావట్లేదన్నావు. ముప్పై దగ్గరపడుతున్నా దేవుడు నన్ను దేనికి పుట్టించాడో తెలియలేదు, నా పిలుపేమిటో చూపించమని నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేస్తానన్నావు. అదంతా అయ్యాక అడుగున ఒక ముక్క రాశావు, "మగాడినై ఉండి హాస్టల్ ఫీజుకి నాన్న దగ్గర చెయ్యి చాపుతున్నాను" అని. నీ బాధంతా ఆ ముక్కలోనే ఉన్నట్టనిపించింది నాకు. పిలుపు సంగతి తర్వాత. చెయ్యి చాపడం సంగతి ముందు మాట్లాడుకుందాం, అందులో నాకు నీకంటే అనుభవం ఎక్కువ.

1989లో నాకు ముప్పై ఐదేళ్లు. బస్సు డ్రైవరుగా చేరి పదకొండో ఏడు. ఇంటికి పెద్దకొడుకుని. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాను, మీ నాన్నని చదివించాను. సంఘంలో క్రిస్మస్ చందా పుస్తకం తీస్తే మొదటి పేరు నాదే ఉండాలి. డ్యూటీ దిగి స్కూటర్ మీద వస్తుంటే చీకట్లో గేదె అడ్డం వచ్చింది. కుడి తొడ ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచం. అంతకు ముందు దాకా నా జేబులోంచి ఫీజు తీసుకెళ్లిన తమ్ముడు, అంటే మీ నాన్న, నా చంకల కింద చేతులేసి లేపేవాడు. బెడ్‌పాన్ పెట్టి, తీసి, కడిగి తెచ్చేవాడు. అంతసేపూ నేను గోడవైపు మొహం తిప్పుకునేవాణ్ణి. వాడికి "థాంక్స్‌రా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పటికీ అనలేదు, నిజం చెప్పాలంటే.

మా సంఘంలో నాట్లకీ కలుపులకీ పోయే ముసలామె ఒకావిడ ఉండేది. వారానికి రెండుసార్లు స్టీలు క్యారేజీలో అన్నం, చింతచిగురు పప్పు పట్టుకొచ్చేది. ఆమె రోజు కూలి ఎంతో నాకు తెలుసు. అందుకే ఆమె అడుగుల చప్పుడు వినగానే నిద్ర నటించేవాణ్ణి. ఒకరోజు ఆమె వెళ్లకుండా గుమ్మం దగ్గరే చతికిలబడింది. "ఏందయ్యా, నీకు పెట్టటం తెలుసుగానీ పెట్టిచ్చుకోటం తెలవదే! మరి దేవుడి దగ్గర ఏం చేస్తావు?" అని అడిగింది. తర్వాత క్యారేజీ ఖాళీ చేయించుకుని తన దారిన తను పోయింది. నాకు ఒళ్లు మండింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆదివారం గుడి మాననివాణ్ణి, నాకా ఈవిడ చెప్పేది అనుకున్నాను. కానీ కాలు కదపలేనివాడికి ఆలోచించడం తప్ప పనేముంది?

పొన్నూరు దారిలో మీ పెద్దమ్మ పుట్టింటివాళ్ల తమలపాకు తోట గుర్తుందిగా, ఎండాకాలం సెలవుల్లో లోపల చల్లగా ఉంటుందని దాక్కునేవాడివి. అందులో ముందు అవిసె వేస్తారు. అవిసె మొక్కలు నిలదొక్కుకున్నాక వాటి మొదళ్లలో తమలపాకు తీగ ముక్కలు నాటతారు. తీగ పాకేకొద్దీ జమ్ముతో అవిసెకి కట్టుకుంటూ పోతారు. బిగించి కడితే తీగ కోసుకుపోతుంది, వదులుగా కడితే జారిపోతుంది. అవిసె ఆ తీగకి ఆసరా ఇస్తుంది, నీడ ఇస్తుంది. అంతవరకే. తీగ తాగే నీళ్లు తీగవి, అవిసె తాగే నీళ్లు అవిసెవి. చూడ్డానికి ఒకటిగా అల్లుకుని ఉన్నా రెండూ దేని బతుకు అది బతుకుతాయి.

మంచం మీద యోహాను సువార్త పదిహేనో అధ్యాయం చదువుతుంటే నాకు ఈ తోటే కళ్లముందుకి వచ్చింది. సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే నేను అప్పటిదాకా చేసినవన్నీ అవిసె ప్రార్థనలే. బస్సు స్టార్ట్ చేసేముందు "ప్రభువా, బ్రేకులు కాపాడు" అనేవాణ్ణి. చెల్లెలి పెళ్లికి అప్పు పుట్టించమని అడిగేవాణ్ణి. బండి నాది, దారి నాది, ఎక్కడ ఆపాలో నా ఇష్టం. నేను పాకుతుంటే ఆయన పక్కన కదలకుండా నిలబడాలి. ఆయనేమో తాను పట్టుబడబోయే ఆ రాత్రి శిష్యులతో తనని గుంజతో పోల్చుకోలేదు. ద్రాక్షావల్లితో పోల్చుకున్నాడు, వాళ్లని దాని తీగెలన్నాడు. ఆ తీగెకి వేరే వేరంటూ లేదు. పక్కన దాచుకున్న నీళ్లు లేవు. అది కాసిన గుత్తిలో రసం కూడా మొదట్లోంచి ఎక్కివచ్చిందే. క్రీస్తు మీద ఆధారపడాలని ప్రతి ప్రసంగంలోనూ విన్నాను, ఆధారమంటే ఆసరా కర్ర అనుకుంటూ సగం వయసు గడిపేశాను.

మన మగాళ్లకి ఇది అంత తేలిగ్గా మింగుడుపడదు. నీ కాళ్ల మీద నువ్వు నిలబడు అని చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. కూడు సంపాదించుకునే విషయంలో అది మంచి మాటే. మనం దాన్నే మోకాళ్ల దగ్గరికి కూడా తీసుకెళ్తాం. నీ ప్రార్థనే చూడు, "నా పిలుపేమిటో చూపించు" అంటున్నావు. చూపిస్తే ఏం చేస్తావు? ఆ కాగితం పట్టుకుని వెళ్లి పని మొదలుపెడతావు, ఇక ఆయనతో పనిలేదు. నన్ను కోప్పడకు, నేనూ అలాగే అడిగాను.

అపొస్తలుల కార్యాల్లో యొప్పే ఊరివాడు సీమోను ఉన్నాడు కదా, చర్మకారుడు. అతని గురించి బైబిల్లో ఉన్నదల్లా పేరు, వృత్తి, సముద్రం పక్కన ఇల్లు. చచ్చిన జంతువుల తోళ్లతో పని కాబట్టి యూదులు ఆ వృత్తిని చిన్నచూపు చూసేవాళ్లు. పేతురు చాలా రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాడు. అన్యజనుల ఇంటికి వెళ్లేలా అతని మనసు మార్చిన దర్శనం ఆ మిద్దె మీదే కలిగింది. అప్పుడు పేతురుకి ఆకలిగా ఉందనీ, వంట అవుతోందనీ కూడా రాశారు. సీమోనుకి ఆ వేళ తన ఇంటి మీద ఏం జరుగుతోందో తెలిసి ఉంటుందంటావా? వచ్చిన మనిషికి చోటిచ్చాడు, అంతే.

మనవైపు యెర్రగుంట్ల పేరయ్య కూడా తోలు పనివాడే. 1866లో బాప్తిస్మం తీసుకుని సొంత ఊరెళ్లి తనవాళ్లకి చెప్పుకుంటూ కూర్చున్నాడు. మరుసటి ఏడు జనవరిలో మిషనరీ క్లౌ దొర ఆ ఊరు వెళితే 28 మందికి బాప్తిస్మం ఇవ్వగలిగాడు. తర్వాత 1876 నుంచి దారుణమైన కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి తవ్వకం పని ఇప్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ ఆపడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఈ రోజుల్లో కారు కోసం, వీసా కోసం ఆశీర్వాద కూటాలు పెట్టేవాళ్లు దాన్ని ఒకసారి తలుచుకుంటే బాగుండు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్యకి ఎవరూ ముందుగా ఆ లెక్క చూపించలేదు.

నా కాలు మళ్లీ మామూలుగా రాలేదు. అరంగుళం పొట్టిదైంది, డ్రైవింగు పోయింది. మిగతా ఇరవైమూడేళ్లు డిపో గేటు దగ్గర రిజిస్టర్లు రాశాను. మొదట్లో అవమానంగా ఉండేది, నాకంటే చిన్నవాళ్లు స్టీరింగ్ పడుతుంటే నేను గేటు తీయడం. రాత్రి డ్యూటీ దిగిన డ్రైవర్లు అక్కడే టీ తాగుతూ కూర్చునేవాళ్లు. అప్పులు, తాగుడు, ఇంట్లో గొడవలు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. కాలు విరగక ముందైతే "మగాడివి, ఏడవకు" అని పంపేసేవాణ్ణి. అప్పటికి నాకు వినడం వచ్చింది. తాగుడు మానేసిన ఒకతను ఇప్పటికీ క్రిస్మస్‌కి అరిసెలు పంపుతాడు, నువ్వు తినే ఉంటావు.

నలభై రోజుల ఉపవాసం ఇప్పుడొద్దు. నీ ఒంట్లో అసలే పట్టు లేదు. అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నారు, రేపటికని దాచినవాళ్ల గిన్నెలో పురుగులు పట్టాయి. నువ్వూ ఏ రోజుది ఆ రోజే అడుగు. గదివాళ్లు లేచే వేళకి నువ్వూ లే. ఫోన్ ముట్టకముందు ప్రార్థన చేసుకో, అది రెండు నిమిషాలైనా పర్లేదు, ఏడుపొస్తే ఏడువు. స్నానం చేసి అప్లికేషన్లు పెట్టు, ఆధారపడటమంటే పడుకోవడం కాదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే వాక్యం చెప్పాడు. ఆదివారం గుడికెళ్లి వెనక బెంచీలోంచి లేచి పారిపోకుండా ఇద్దరు పెద్దవాళ్లకి నాకు ఉద్యోగం లేదని నోరు తెరిచి చెప్పు. ఎవరైనా భోజనానికి రమ్మంటే వెళ్లు. ఏటా జనవరి ఒకటిన తీసే వాగ్దాన కార్డు అద్దానికి అంటించి దాన్నే చూస్తూ కూర్చోకు.

మీ నాన్న దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు తల దించుకోకు. నా మంచం పక్కన బెడ్‌పాన్ కడిగినవాడు వాడు. ఇవ్వడంలో వాడికి నామోషీ ఏమీ లేదు.

వచ్చే గురువారం ఆ తమలపాకు తోటలో తీగ దించుతున్నారు. అవిసె చివరికంటా ఎక్కిన తీగని కట్లు విప్పి, కిందికి దించి, చుట్టచుట్టి మట్టిలో కప్పుతారు. కణుపుల దగ్గర మళ్లీ వేళ్లు పుడతాయి. చిన్నప్పుడు అది చూసి "ఇంత పైకెక్కినదాన్ని మళ్లీ ఎందుకు పూడుస్తున్నారు" అని ఏడుపు మొహం పెట్టావు. వీలైతే బుధవారం రాత్రి బస్సెక్కు. టిక్కెట్టు డబ్బులు నేనిస్తాను, మారుమాట్లాడకుండా తీసుకో. చెప్పులు మాత్రం పాతవి వేసుకురా, కాలవల్లో బురదగా ఉంది.

మీ పెదనాన్న