భయం లేని లెక్క
వేసవి సెలవుల్లో మనవరాలి చేత ఎక్కాలు చెప్పిస్తుంటే నన్నొక ప్రశ్న పట్టుకుంది: భయంతో వచ్చిన లెక్క చదువవుతుందా? 1895లో మా మదనపల్లెలోనే పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, భయమూ పోలికా ఉన్నచోట నేర్చుకోవడం సాగదని జీవితమంతా చెప్పారు. మా ఇంట్లో అది రోజూ కళ్లారా చూస్తున్నాను. "నీ వయసుకి అక్క పదహారో ఎక్కం అప్పజెప్పేది" అని ఎవరైనా అన్నారంటే పిల్ల నోరు మూతపడుతుంది. అదే టమోటా మార్కెట్టుకు తీసుకెళ్లి, "పెట్టె ధరను కిలోలతో భాగించి చూడమ్మా" అంటే, తప్పొచ్చినా తనే మళ్లీ చేస్తుంది. పుంగనూరులో మా చెల్లెలి ఇంట పొట్టి ఆవు ఎత్తును టేపుతో కొలిచి, అడుగుల్ని సెంటీమీటర్లలోకి మార్చింది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలోనూ పిల్లలు చేత్తో చేసి చూసే నేర్చుకుంటారు. సాధన అక్కర్లేదని కాదు, ఎక్కాలు రోజూ వల్లె వేయాల్సిందే. పక్కింటి పిల్లల మార్కుల ఊసు మాత్రం ఈ సెలవుల్లోనైనా ఇంట్లోకి రానివ్వకండి.