నేను నమ్మిన గుండె

రిపోర్టులో ఉన్న నా గుండె వేరు, నేను నమ్మిన గుండె వేరు. స్టెంటు వేయించుకుని శేరిగూడ వచ్చాక నెలల తరబడి నేను బతికింది ఆ రెండోదానితోనే. ఎకో బాగుంది, రోజూ నడవమన్నారు డాక్టరు. ఇబ్రహీంపట్నం చెరువు వైపు బయల్దేరేవాణ్ణి. సాగర్ రోడ్డు చేరేసరికి చెయ్యి ఛాతీ మీదికి పోయేది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేవాణ్ణి.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ బ్రాడ్‌బెంట్, కీత్ పెట్రీ బృందం గుండెపోటు వచ్చినవాళ్ల చేత వాళ్ల గుండె బొమ్మ గీయించింది. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గుండె కండరం ఎంత దెబ్బతిన్నదో రక్తంలోని ట్రోపోనిన్ చెబుతుంది. మూడు నెలలకు మనిషి ఎంత కోలుకుంటాడో మాత్రం, బొమ్మలో అతను ఎంత దెబ్బ చూపించాడన్నదే ఇంకా బాగా చెప్పిందట. 2006లో వాళ్లే మరో సంగతి రాశారు: రెండోసారి గీసినప్పుడు బొమ్మలో గుండె పెద్దదైనవాళ్లు పనికి ఆలస్యంగా వెళ్లారు, ఎక్కువ భయపడ్డారు.

అది చదివి నేనూ గీశాను. కాగితం నిండా గుండె, అందులో సగం నలుపు. పెన్సిలు మొన అరిగేదాకా రుద్దాను. స్టెంటు గీయాలని తట్టనే లేదు.

ఆ నలుపు నాకు భయమొక్కటే కాదు, ఆసరా కూడా. అన్నదమ్ముల భూమి పంచాయితీకి ఎవరూ పిలవరు. కొడుకు అప్పు మాటెత్తితే ఛాతీ పట్టుకుంటాను, మాట ఆగిపోతుంది. అలాగని నటించలేదు, పట్టేసినట్టు నిజంగానే ఉండేది. ఏది నొప్పో, ఏది తప్పించుకోవడమో విడదీయడం ఇప్పటికీ నాకు చేతకావడం లేదు.

మా ఆవిడనూ గీయమన్నాను. ముగ్గులేసే చెయ్యి కదా, ఒక్క గీతలో నిండు గుండె వేసింది. మచ్చ ఏదన్నాను.

“బాగుచేసిన్రు గదా, ఇంకా మచ్చేంది? ఆ గోలీలు గూడ ఇంకెన్ని రోజులు?”

నా నలుపు కన్నా ఆ తెలుపే ఎక్కువ భయపెట్టింది. స్టెంటు మూసుకుపోయిన చోటును తెరుస్తుంది, జబ్బును తీసెయ్యదు. డాక్టరు చెప్పకుండా గోలీలు ఆపితే రక్తం గడ్డకట్టి అక్కడే మళ్లీ మూసుకుపోవచ్చు. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని ఒకే డాక్టరు మాట విన్నాం. నేను సగం చచ్చిన గుండెతో ఇంటికొచ్చాను, ఆమె జబ్బే లేని మొగుణ్ణి తీసుకొచ్చుకుంది. ఇన్ని నెలల్లో ఒకరి మనసులో ఏముందో ఒకరం అడగలేదు.

వచ్చే చెకప్‌కు రెండు బొమ్మలూ తీసుకెళ్తున్నాను. నలుపు నిజంగా ఎంత మేర ఉందో నా కాగితం మీదే గీసి చూపించమని అడగాలి. ఆమెనూ పక్కనే కూర్చోబెట్టుకుంటాను.