దాతబీజము – ధర్మసంశయము

భర్తయందు వీర్యకణములు లోపించినపుడు, దంపతులిరువురి సమ్మతితో, భద్రపరచి యుంచిన అన్యపురుషుని బీజమును వైద్యులు భార్య గర్భాశయమున ప్రవేశపెట్టుదురు. ఇది ధర్మమేనా యని ఆస్తికులు సంశయించుట సహజము.

మన పూర్వులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మనుస్మృతి నవమాధ్యాయమున నియోగము చెప్పబడినది, ఆ వెంటనే నిందింపబడినది. కలియుగమున అది వర్జ్యమని ధర్మశాస్త్రకారులు నిర్ణయించిరి. కాని నియోగమున స్త్రీకి పరపురుష సంగమము తప్పలేదు. వ్యాసుని చూచి అంబిక భయముతో కన్నులు మూసికొనిన కథ మనమెరిగినదే గదా! చికిత్సలో ఆ సంగమమే లేదు. ఆ నిషేధమును దీనికి యథాతథముగ అన్వయించుట సమంజసమని తోచదు.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. 2021 నాటి మన చట్టము పుట్టిన బిడ్డను ఆ దంపతుల సంతానముగనే యెంచును. దాతకు తండ్రి హక్కులు లేవు. మరి బిడ్డకు నిజము చెప్పవలదా? స్వీడనులో 1985 నుండి, బ్రిటనులో 2005 నుండి, చేయబడిన దానముల విషయమున, ఎదిగిన బిడ్డ దాత యెవరో తెలిసికొనవచ్చును. మన యిండ్లలోనో, లోకనిందకు వెరచి అత్తగారికి సైతము చెప్పరు. ఆ భయము అకారణము కాదు. అయినను బిడ్డకు ఊహ తెలియు నాటికే, తండ్రియే స్వయముగ చెప్పుట మేలని నా అభిప్రాయము.

పాండవులు దేవతల వరమున జన్మించిరని లోకమెల్ల ఎరుగును. ఐనను వారు పాండురాజు పుత్రులే. ఆయనకు ఉదకక్రియలు జరిపిరి. దాచబడినవాడు కర్ణుడు. యుద్ధానంతరము తర్పణవేళ కుంతి నోరు విప్పినపుడు, హతుడైనవాడు తన యన్నయని తెలిసి ధర్మరాజు గంగాతీరమున కుమిలిపోయెను.