శిలలో జీవసాక్ష్యము

పొగను జూచి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. మంచుతెరను పొగయని భ్రమించి కొండపై నిప్పు గలదనుట హేత్వాభాసమని తార్కికులు వెంటనే హెచ్చరించిరి. ఈ రెండవ పాఠమును మనము తఱచుగా మఱచుచున్నాము.

1977లో గలపాగోస్ ద్వీపముల చెంత, రెండున్నర వేల మీటర్ల లోతున, సముద్రగర్భమందలి వేడినీటి యూటలను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1979లో తూర్పు పసిఫిక్ సముద్రమున నల్లని పొగ గ్రక్కు గొట్టములును గానవచ్చినవి. ఆ పొగ పొగ కాదు. 350 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడినీరు చల్లని సముద్రజలమును దాకగనే, ఇనుము, రాగి మున్నగు లోహములు గంధకముతో గూడి నల్లని నలుసులగుచున్నవి. అచట మండుచున్న దేదియు లేదు.

వేడి తగ్గిన తావుల ఇనుముతో బ్రతుకు సూక్ష్మజీవులు గలవు. నీట గరగిన యినుమును ప్రాణవాయువుతో గూర్చి, అందు వెలువడు శక్తితో అవి జీవించును. శేషించునది తుప్పు. అది పైకి గప్పినచో జీవికి మరణమే. కావున మారిప్రొఫండస్ అనునది తుప్పును పురిపెట్టిన త్రాటివలె వెలికి నెట్టును. అన్నిటికి నీ నేర్పు లేదు. జీవకణపు గోడపై ఋణవిద్యుత్తుండుటచే ఇనుము దానికి అంటుకొనును. పిమ్మట నీటిలోని సిలికా దానిపై పేరుకొనును. లోని దేహము క్రుళ్లిపోవును, తొడుగు మిగులును. మన యిండ్లలోని యాచారములు కొన్ని యిట్టివే గాని, అది వేఱు ప్రసంగము.

కెనడా దేశపు క్వెబెక్ రాష్ట్రమున, హడ్సన్ అఖాతపు తీరమున, నువ్వుఆగిట్టుక్ అనుచోట ప్రాచీన శిలలు గలవు. వానిలో వెండ్రుకకన్న సన్నని యెఱ్ఱని తంతువులను, నాళములను గంటిమని 2017లో కొందఱు పండితులు ప్రకటించిరి. ఆ శిలల వయస్సు కనీసము 377 కోట్ల యేండ్లనియు, 428 కోట్లు గావచ్చుననియు వారి మతము. నేటి యూటలలోని తంతువులను బోలియుండుటచే నవి జీవశేషములనిరి. 2019లో ఎడింబరో విశ్వవిద్యాలయమునుండి మఱియొక వార్త వెలువడినది: క్షారద్రవములో ఇనుపలవణపు పలుకులు వేసినంతనే, జీవి లేకయే, అట్టి తంతువులే మొలచినవట! హేతువు వ్యభిచరించినది. 2022లో మొదటి పక్షమువారు కొమ్మలు గల రూపములను జూపి తమ వాదమును బలపఱచుకొనిరి, వివాదము తీఱలేదు.

నమ్మిన నష్టమేమని చదువరులు అడుగవచ్చును. బాబాల మహిమలకు సాక్ష్యము గోరు మనము, మనకు రుచించిన కథ శాస్త్రము పేర వచ్చినంతమాత్రమున సాక్ష్యమును సడలింపదగునా? 1996లో అంగారకగ్రహపు ఉల్కలో జీవచిహ్నములు గలవను వార్త లోకమంతయు మ్రోగినది. తరువాతి పరీక్షలకు ఆ చిహ్నములలో పెక్కు నిలువలేదు. పూర్ణసాక్ష్యము గోరుటయు న్యాయము గాదు, ఇన్ని కోట్ల యేండ్లకు మెత్తని దేహము మిగులునా? రూపము, కర్బనము, చుట్టునున్న ఖనిజములు, అన్నియు నొక్కటే చెప్పినపుడు మేమును దల యూపుదుము. అందాక సందేహమున నిలుచుట మాకు సిగ్గు గాదు. పిల్లల పాఠములలో 2017 నాటి వార్త వ్రాయువారు 2019 నాటి ప్రయోగమును అదే పుటలో వ్రాయవలెనని మా కోరిక.