కథకుడు ఎవరి పక్కన కూర్చున్నాడు?

గురజాడ ‘దిద్దుబాటు’లో, వెళ్లిపోతున్నానని భార్య కమలిని రాసిపెట్టిన ఉత్తరం చదువుకుని గోపాలరావు కుమిలిపోతున్నంతసేపూ ఆమె ఆ ఇంట్లోనే ఉంది. మంచం కింద. ఆ సంగతి అతనికీ తెలియదు, కథ ముగిసేదాకా మనకీ తెలియదు.

1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఆ కథను సానిపాటలు మరిగిన భర్త బుద్ధి తెచ్చుకున్న కథగా మనం చదువుకున్నాం. అది నిజమే. అయినా చదివిన ప్రతిసారీ నా మనసు గోపాలరావు దగ్గర నిలవదు. ఆ కాసేపూ ఆవిడ ముఖం ఎలా ఉండి ఉంటుంది? నవ్వు ఆపుకుంటోందా? మొగుడు నిజంగా ఏడుస్తుంటే విని భయపడిందా? ఉత్తరంలో రాసినదాంట్లో ఎంత వేళాకోళం, ఎంత కడుపుమంట? ఇన్ని రాత్రులు తలుపు వైపు చూస్తూ కూర్చున్న మనిషికి ఈ ఒక్క రాత్రితో సరిపోయిందా? గురజాడ చెప్పలేదు. ఆయన ఎంచుకున్న చోటు నుంచి అది చెప్పడం కుదరదు. కథకుడు గోపాలరావుతోపాటే అర్ధరాత్రి ఇంటికొచ్చాడు, అతనితోపాటే అగ్గిపుల్ల గీసి ఖాళీ మంచం చూశాడు. అతనికి కనిపించనిది కథకుడూ మనకు చూపించడు.

కాపురాలు బీటలువారిన కథల గురించి మాట్లాడేటప్పుడు పాత్రచిత్రణ, స్థలం, కథనం అని విడివిడిగా చెప్పడం అలవాటు. పాఠం చెప్పడానికి అది వీలుగా ఉంటుంది. ఇలాంటి కథల్లో మాత్రం కథకుడు ఎవరి పక్కన కూర్చున్నాడో తేలితే చాలు, మిగతా రెండూ దాని వెంటే వస్తాయని నా నమ్మకం. తప్పెవరిదన్నది కూడా చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, పాత్రలు నోరు తెరవకముందే.

గురజాడ గొప్పతనం ఏమిటంటే, కథను మగవాడి పక్కనుంచి చెబుతూనే అతనికి తెలియకుండా ఒక శ్రోతను ఆ ఇంట్లో ఉంచడం. భార్యకు సగం దేహం పంచిచ్చిన శివుడి సంగతి గోపాలరావు నౌకరు రాముడికి చెబుతాడు. పుట్టింటికి వెళ్లి ఆమెకు ఏం చెప్పి ఒప్పించి తీసుకురావాలో కూడా నేర్పుతాడు. ఎదురుగా ఉన్న భార్యతో అనలేని మాటలను, ఆమె లేదనుకున్నాక నౌకరుతో అనగలిగాడు. అవన్నీ చేరవలసిన చెవికే చేరాయి. ఆ మంచాన్ని అక్కణ్ణించి తీసేస్తే కథ నిలబడదు. కమలిని నిజంగానే బండెక్కి వెళ్లిపోయి ఉంటే మిగిలేది ఒక పశ్చాత్తాపం, రాముడి నోటి మీదుగా చేరే ఒక కబురు. ఈ కథలో స్థలం చేసిన పని ఉపన్యాసాలు చేయలేవు.

గురజాడ కన్నుమూసిన 1915లోనే పుట్టినవాడు చాసో. ఇద్దరి పేర్లూ విజయనగరంతో ముడిపడినవే. అదే మధ్యతరగతి ఇల్లు చాసో చేతిలో మరో రకంగా బరువెక్కింది. ‘వాయులీనం’ నాకు తెలిసిన తెలుగు కథలన్నిటిలోకీ తీర్పు చెప్పడానికి అతి కష్టమైనది. పెళ్లికి ముందు ఫిడేలు నేర్చుకున్న రాజ్యం సంసారంలో పడ్డాక కమాను పట్టనేలేదు. ఆమెకు పెద్ద జబ్బు చేస్తుంది. చేతిలో డబ్బు లేని భర్త ఫిడేలు అమ్మి వైద్యం చేయిస్తాడు. మిగిలిన డబ్బుతో ఆమెకు చీర కొని తెస్తాడు.

ఈ భర్తను ఏమనాలి? తాగుబోతు కాదు, కొట్టడు, తిరుగుబోతు అంతకన్నా కాదు. పెళ్లాం బతకాలని అల్లాడినవాడు. బతికించుకున్నవాడు. ఆ చీరలో ప్రేమ ఉందని ఒప్పుకోకపోతే మనకే కళ్లు లేవు. అయినా ఆ ఇంట్లో ఒకటి చచ్చిపోయింది, దానికి ఏడ్చే హక్కు కూడా రాజ్యానికి లేకుండా పోయింది. ప్రాణం నిలబెట్టినవాడి మీద ఫిర్యాదు ఎలా చేస్తుంది? ఎవరితో చెప్పుకుంటుంది? విన్నవాళ్లు ఆమెనే తప్పుపడతారు. భార్యాభర్తల మధ్య దూరం అనగానే మనం ఒక దుర్మార్గుణ్ణి వెతుకుతాం. చాసో ఆ దుర్మార్గుణ్ణి ఇవ్వలేదు. మంచివాడైన భర్తను, రోగాన్ని, బీదతనాన్ని, వాయించడం ఎప్పుడో మానేసిన ఒక ఫిడేలును ఇచ్చి ఊరుకున్నాడు. కథకుడు ఎవరి వైపూ ఒరగలేదు కనుకే ఆ బరువంతా మన మీద పడుతుంది.

ఎవరి వైపూ ఒరగని కథకుడు అనగానే హెమింగ్వే 1927లో ప్రచురించిన ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ను తలవకుండా ఉండలేను. స్పెయిన్‌లో ఎబ్రో లోయ, ఎండలో ఒక చిన్న రైల్వే స్టేషను. బార్సిలోనా నుంచి మాడ్రిడ్ వెళ్లే బండికి ఇంకా 40 నిముషాలుంది. ఒక అమెరికనూ అతనితో వచ్చిన అమ్మాయీ బీరు తాగుతూ మాట్లాడుకుంటుంటారు. ఆమె కడుపు తీయించుకోవాలని అతని కోరిక. ఆ మాట మాత్రం కథలో ఎక్కడా పైకి రాదు. బలవంతమేమీ లేదని అతను పదే పదే అంటున్నకొద్దీ బలవంతం ఎంత గట్టిదో మనకు తెలుస్తుంది. స్టేషనుకు ఒక వైపు నీడ లేని ఎండునేల, రెండో వైపు నది ఒడ్డున చెట్లు, పంట చేలు. అమ్మాయి లేచి వెళ్లి ఆ పచ్చని వైపు చూస్తుంది. ఆమె మనసులో ఏముందో కథకుడు విప్పి చెప్పడు. ఎటు చూసిందో చెబుతాడు, అంతే. అది చాలు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో కథకురాలు ఇంకో సాహసం చేసింది. నేలను అద్దంలా తుడుస్తూ తుడుస్తూ ఒక ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది. పిల్లలకు అమ్మ, ఇరుగుపొరుగుకు ఫలానా ఇంటావిడ. భర్తకు పేరుతో పనే పడలేదు. ఆమెకు గుర్తు రాని పేరును కథకురాలూ మనకు చెప్పదు. పుట్టింటికి వెళ్లాక పాత స్నేహితురాలు కనిపించి ‘శారదా’ అని పిలిచేదాకా ఆమె పేరేమిటని మనమూ అడగం. పేరు లేకుండానే ఆమె వెంట నడిచేస్తాం, ఆ ఇంట్లోవాళ్లలాగే. ఈ కథలో భర్త మీద పెద్ద నేరమేమీ మోపలేదు. శుభ్రంగా ఉన్న ఆ ఇల్లే నేరం చేసింది. ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లు దుమ్ము కొట్టుకుపోయి ఉండటం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఇవన్నీ తలుచుకుంటుంటే కథల నుంచి మనసు ఇళ్లలోకి పోతుంది. మన బంధువుల్లో ఎవరి కాపురమైనా చెడితే పెద్దలు కూర్చుంటారు. ముందుగా, గట్టిగా, వరస తప్పకుండా చెప్పగలిగినవాళ్ల మాట కథగా నిలబడుతుంది. రెండోవాళ్ల మాటలు దానికి జవాబులుగానే వినిపిస్తాయి. జవాబు చెప్పుకునేవాళ్లు సగం దోషుల్లా కనిపిస్తారు. కొందరు అసలేమీ చెప్పరు, తల వంచుకుని కొంగు అంచు మెలిపెడుతూ ఉంటారు. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా రాసేసుకుని పెద్దలు లేస్తారు. మన గొడవలను మనం నెమరువేసుకునేటప్పుడూ అంతే, ప్రతి ఒక్కరం ‘నేను’ అనే మొదలుపెడతాం. అవతలి మనిషి ఆ రాత్రి ఏ గదిలో కూర్చుని ఏం విన్నాడో మన కథలో ఉండదు. కావాలని దాచామని కాదు, అప్పుడు మనం అక్కడ లేము. ఒక మనిషికి మరో మనిషి పూర్తిగా తెలియకపోవడం పాపమేమీ కాదు. తెలిసినట్టే చెప్పేయడమే క్రూరత్వం. మంచి కథకులు ఆ క్రూరత్వాన్ని చేయరు. తమకు ఎంతవరకు కనిపిస్తుందో అంతవరకే చెప్పి, కనిపించని మనిషి కోసం ఒక చోటు ఖాళీగా ఉంచుతారు. ఒకరు మంచం కింద, ఒకరు అమ్ముడైన ఫిడేలు దగ్గర, ఒకరు రైలు పట్టాల అవతలి పచ్చదనంలో ఉంచారు.

ఈ మధ్య వస్తున్న విడాకుల కథలు, వేరుకాపురాల కథలు ఇష్టంగా చదువుతున్నాను. చాలావాటిలో బాధ నిజమైనదే. కానీ అవతలి మనిషికి కుర్చీ కూడా వేయరు. మొదటి పేరాలోనే అతనో ఆవిడో దోషిగా వచ్చి, చివరిదాకా దోషిగానే నిలబడి ఉంటారు. కోపంతో రాసిన కథ మంచిది కాదని నేననను. శారద కథలోనూ కోపం ఉంది. కోపం ఉన్న చోట చూపు కూడా ఉండాలి. కొత్తగా రాస్తున్నవారికి నా విన్నపం ఒక్కటే. మీ కథను పత్రికకు పంపేముందు, అందులో నోరు మెదపని మనిషి పక్కన కూర్చుని దాన్ని ఒక్కసారి తిరగరాయండి. ఆ ప్రతిని ఎవరికీ చూపించనక్కర్లేదు. మొదటి ప్రతిలో ఏ వాక్యాలు కొట్టేయాలో అది మీకు చెబుతుంది.