జూబిలీ హాలు ఎవరిది?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి ఇంటికొచ్చే నాలాంటివాళ్ళకి విజయవాడ అంటే బీసెంటు రోడ్డు, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, ఏదో ఒక సినిమా హాలు. గవర్నర్‌పేట మీదుగా వందసార్లు వెళ్ళుంటాం. బందరు రోడ్డు మీదున్న మ్యూజియంలోకి మాత్రం స్కూల్లో తీసుకెళ్తే వెళ్ళినట్టు. దాని పేరు ఇప్పుడు బాపు మ్యూజియం (బొమ్మల బాపు కాదు, గాంధీ). 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. అంతకుముందు అది విక్టోరియా జూబిలీ మ్యూజియం.

ఈసారి వెళ్ళినప్పుడు లోపలి వస్తువులకంటే భవనాన్నే ఎక్కువసేపు చూశాను. ఇండో-యూరోపియన్ శైలి అంటారు దీన్ని. కమానులు, మందపాటి గోడలు, ఎత్తైన కప్పు. ఊరిని బ్లేజ్‌వాడ అని వెక్కిరించే ఎండల్లో ఈ ఎత్తూ మందమూ అలంకారం కోసం మాత్రమే కాదని లోపలికి అడుగుపెడితే తెలుస్తుంది. మా ఆఫీసు అద్దాల బిల్డింగులో ఏసీ ఆగితే పది నిమిషాలు కూర్చోలేం. ఇది నాకు నచ్చింది, చాలా నచ్చింది. ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. పరాయి రాణి యాభై ఏళ్ళ ఏలుబడిని పండగ చేసుకోడానికి 1887లో కట్టిన భవనం అందంగా ఉందనడం సబబేనా?

అందం వేరు, ఉద్దేశం వేరు అనేయొచ్చు. నాకది మరీ తేలికైన జవాబనిపిస్తుంది. దీనికి శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్. తర్వాత విజయనగర సామ్రాజ్యం మీద పుస్తకం రాసింది ఈయనే. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపిందీ ఈయనే. అప్పటికే అక్కడి శిల్పాలు చాలావరకు మద్రాసుకీ లండనుకీ వెళ్ళిపోయాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో మిగిలింది కూడా తవ్విపారేశారు. ఇవాళ అమరావతి శిల్పాన్ని పూర్తిస్థాయిలో చూడాలంటే మనం చెన్నై వెళ్ళాలి, లేదా బ్రిటిష్ మ్యూజియానికి. మన రాళ్ళను ప్రేమించినవాళ్ళూ, వాటిని చెదరగొట్టినవాళ్ళూ ఒకే కచేరీలో పనిచేశారు. ఈ కమానుల అందం ఆ కచేరీ అభిరుచే. దాన్ని విడదీసి చూడటం నాకు చేతకాలేదు.

అయితే కథ 1887లో ఆగిపోలేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చిందీ అప్పుడే, ఈ ప్రాంగణంలోనే అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ జెండాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, రాట్నం. సభలో పెట్టే వేళకి అది అందలేదు. ఆలస్యమైనందుకు సంతోషించానని గాంధీ తర్వాత యంగ్ ఇండియాలో రాశారు. ఆ వ్యవధిలోనే మిగతా మతాలకోసం తెలుపు కూడా ఉండాలని ఆయనకి తోచింది. విక్టోరియా పేరున్న చోట ఆమె సామ్రాజ్యాన్ని సాగనంపే పని నడిచిందన్నమాట, పేరు మార్చకుండానే.

ఈ లెక్కన భవనం కట్టించినవాళ్ళ సొత్తుగానే ఉండిపోదు, వాడుకున్నవాళ్ళకీ హక్కు వస్తుంది. నా మటుకు నాకు, ఆ అందాన్ని తప్పనిపించకుండా చూడనిచ్చింది ఈ రెండో చరిత్రే. అలాగని పేరు మార్చడం నాకు పూర్తిగా రుచించలేదు. గాంధీ పేరు పెట్టడానికి కారణముంది, కాదనను. కానీ మా పనిలో ఫైలు పేరు మార్చినా పాత కమిట్లు పోవు, ఏ లైను ఎవరు ఎందుకు రాశారో వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఊళ్ళకి ఆ సదుపాయం లేదు. బోర్డు మారిన ఇరవై ఏళ్ళకి ఈ భవనాన్ని గాంధీ కోసమే కట్టారనుకునే పిల్లలుంటారు. అప్పుడు 1921లో అక్కడికి చేరినవాళ్ళు ఎవరి గడప తొక్కారో, అందులో తెగువ ఎంతో అర్థం కాదు. రెండు పేర్లూ ఒకే బోర్డు మీద రాస్తే ఏం పోతుంది?

లోపల అల్లూరు నుంచి వచ్చిన బుద్ధుడి నిలువెత్తు విగ్రహం ఉంది, పాలరాయిలా కనిపించే తెల్లని సున్నపురాయిది. సుమారు పదహారు వందల ఏళ్ళనాటిది. లండన్ వెళ్ళకుండా కృష్ణకి ఈ పక్కనే మిగిలిన కొద్దివాటిలో అదొకటి. వెళ్తే దాని ముందు కాసేపు ఆగండి. ఆ తర్వాత తలెత్తి కప్పు కూడా చూడండి.