మతి కుదిరిన పిదప

గంజాయి పొగకు మతి చలించిన కుమారుడు మందులతో తేరుకొని ఇల్లు చేరినాడు. చెవిలో వినిపించిన మాటలు ఆగినవి. అన్నములో విషము కలిపినారను అనుమానము పోయినది. అయినను ప్రొద్దెక్కువరకు లేవడు. స్నానమునకు పదిసార్లు పిలువవలెను. రేవు దాకా పోయి, ఎందుకు పోయెనో మరచి తిరిగి వచ్చును. ఇది రోగమా, సోమరితనమా? కోనసీమలో ఇట్టి బిడ్డ ఉన్న ఇంట ఈ ప్రశ్న తలయెత్తక మానదు. తెచ్చిపెట్టుకొన్న జబ్బునకు జాలి ఏల అను మాటయు దాని వెంటనే వచ్చును.

పొగ త్రాగుట వాని తప్పే. కాని తప్పు వేరు, గాయము వేరు. కల్లు త్రాగి గట్టుపైనుండి పడినవాని కాలు విరిగినచో కట్టు కట్టక తప్పదు గదా! భ్రమలు వారములలో శమించినను, ఏకాగ్రత, జ్ఞాపకము, పనిపై ఆసక్తి కూడుకొనుటకు నెలలు పట్టవచ్చును. మందుల మగతయు కొంత తోడగును. గంజాయి వలన మతి చలించినవారిలో సుమారు మూడవవంతు మందికి అది తరువాత స్కిజోఫ్రీనియాగా పరిణమించినదని 2020లో వెలువడిన ఒక పరిశోధనల సమీక్ష తెలిపినది. కావున బాగుపడినాడుగదా యని వైద్యుని అడుగక మాత్రలు మానిపించరాదు.

కొబ్బరితోట భారమంతయు ఒకనాడే అప్పగించు తండ్రియు, కంచము కూడ కడుగనీయని తల్లియు ప్రేమచేతనే పొరబడుచున్నారు. మగత తీరనివానిని చెట్టెక్కించుట అసలే తగదు. రాలిన కాయలు ఏరి లెక్కించుట, పశువునకు మేత వేయుట, పూజకు పూలు కోయుట — ఇట్టిది ఒక్కటి, నిత్యము ఒకే వేళకు చేయింపవలెను. మొదట ప్రక్కన నిలిచి, పిదప మెల్లగా తప్పుకొనవలెను. లెక్క తప్పినచో నలుగురిలో నవ్వరాదు. ఆహారము, నిద్ర, పని మితముగా నుండవలెనని గీత ఆరవ అధ్యాయము యోగికి చెప్పినదే యైనను, ఈ ఇంటికి అంతకంటె అక్కరకు వచ్చును.

వాడపల్లి వేంకటేశ్వరస్వామిని ఏడు శనివారములు దర్శించు మొక్కు ఈ సీమవారికి క్రొత్త కాదు. బిడ్డను వెంటబెట్టుకొని పోవుట మంచిదే. వేళకు లేచి, జనములో నడచుట వానికొక అభ్యాసము. కాని స్వామిపై భారము వేసితిమని మాత్ర మానుట భక్తి కాదు. జనసందడికి బెదరినచో ప్రదక్షిణములు తగ్గించి తీసికొని రావచ్చును. స్వామి అంత కఠినముగా లెక్కించువాడు కాడు. నిద్ర తప్పినను, అనుమానములు మరల పొడసూపినను మానసిక వైద్యునికి చూపవలెను. 2022లో ఆరంభమైన టెలీ మానస్ 14416 నంబరునకు ఫోను చేసిన ఉచితముగా సలహా లభించును.

పెండ్లి చేసినచో కుదుటపడునని చెప్పు పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. రోగము దాచి పరుల ఆడపిల్లను తెచ్చుట ఆమెకు ద్రోహము. వాడు తన మాత్రలు తాను వేసికొనుచు, తన పని తాను చేసికొనుచు కొంతకాలము నిలిచిన పిదప, ఆ పిల్లకు ఉన్నదంతయు చెప్పి, అప్పుడు అడుగవలెను.